ల్యాబ్‌లో డిజిటల్ ఫారాలు: ఏళ్ల తరబడి వాడాక

మా ల్యాబ్‌లో శాంపిల్ వివరాలు, రీడింగ్‌లు రాసుకునే రిజిస్టర్లు పోయి డిజిటల్ ఫారాలు వచ్చి చాలా ఏళ్లయింది. మొదట గూగుల్ ఫామ్స్ వాడాం, తర్వాత పరిశోధన డేటా సేకరించే రెడ్‌క్యాప్ అనే సాఫ్ట్‌వేర్‌కి మారాం. వీటితో పని త్వరగా అయిపోతుందని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి. పెన్నుతో గబగబా రాసేసినంత వేగంగా ట్యాబ్‌లో ఏ ఫారమూ నింపలేం. అయినా మళ్లీ రిజిస్టర్ పట్టుకోమంటే నేను పట్టుకోను. తర్వాతెప్పుడో ఎంత ఆలోచించినా ఎవరికీ గుర్తురాని సంగతిని, శాంపిల్ చేతిలో ఉన్నప్పుడే ఫారం అడిగేస్తుంది. నాకు కావలసింది అదే.

ఉదాహరణకి, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లోంచి సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) ట్యూబ్ తీసిన ప్రతిసారీ 'దీన్ని కరిగించడం ఇది ఎన్నోసారి?' అని మా ఫారం అడుగుతుంది. పదే పదే గడ్డకట్టించి కరిగిస్తే కొన్ని ప్రొటీన్లు దెబ్బతింటాయి, ఎంజైమ్‌ల పనితీరు తగ్గుతుంది. రిజిస్టర్ రోజుల్లో ఈ సంగతి గుర్తున్నవాళ్లు రాసేవాళ్లు, లేనివాళ్లు లేదు. ఎలీసా (శాంపిల్‌లో ప్రొటీన్లు, యాంటీబాడీలు కొలిచే పరీక్ష) కిట్ లాట్ నంబరూ, అంటే తయారీ బ్యాచ్ నంబరూ అంతే. రీడింగ్‌లు ఉన్నట్టుండి పైకి జరిగాయని అనుమానం వస్తే ఇప్పుడు లాట్‌ల వారీగా విడదీసి చూడటం ఎంతసేపో పట్టదు. అప్పట్లో అయితే చెత్తబుట్టలో కిట్ పెట్టెల కోసం వెతకాల్సి వచ్చేది.

అయితే ఫారం మంచిదా చెడ్డదా అన్నది సాఫ్ట్‌వేర్ మీద కన్నా దాన్ని తయారుచేసినవాళ్ల మీదే ఎక్కువ ఆధారపడుతుంది. అన్నిటికన్నా ప్రమాదం 'తప్పనిసరి' గుర్తు. ప్రతి గడికీ అది పెట్టేస్తే డేటా ఎక్కడా ఖాళీ లేకుండా నిండుగా కనిపిస్తుంది, కానీ అందులో ఎంత నిజమో చెప్పలేం. ఆ రోజు పీహెచ్ మీటర్ పనిచేయకపోతే, ఫారం ముందుకు కదలడం కోసం మనిషి ఏదో ఒక అంకె కొట్టేస్తాడు. ఆ అంకె చూడ్డానికి నిజమైన రీడింగ్‌లాగే ఉంటుంది, తర్వాత ఎవరూ పట్టుకోలేరు. అందుకే తప్పనిసరి గడి పెట్టిన చోటల్లా 'తీయలేదు' అనే ఆప్షన్, దాని కింద కారణం రాసే చోటు ఉండి తీరాలి. హద్దుల విషయంలోనూ ఇదే మాట. పీహెచ్ 7.2 నుంచి 7.6 మధ్యే ఉండాలని ఫారం మొండికేస్తే, 6.9 వచ్చినరోజు ఆ నిజం రాసుకోవడానికి చోటే ఉండదు. రెడ్‌క్యాప్‌లో నాకు బాగా నచ్చింది ఇక్కడే. అంకె హద్దు దాటితే హెచ్చరిస్తుంది కానీ సేవ్ చేయకుండా ఆపదు.

సున్నా, ఖాళీ, 'పరికరం గుర్తించగలిగే స్థాయి కన్నా తక్కువ' ఈ మూడూ వేరు వేరు. కొలిస్తే ఏమీ లేకపోవడం ఒకటి, అసలు కొలవకపోవడం ఇంకొకటి, ఉందేమో గానీ పరికరానికి అందకపోవడం మరొకటి. స్ప్రెడ్‌షీట్‌లో సగటు కడితే సున్నాలు లెక్కలోకి వస్తాయి, ఖాళీలు రావు. అంటే ఈ మూడింటినీ కలిపేస్తే ఫలితమే మారిపోతుంది. మా ఫారంలో అంకె గడి పక్కన వీటికి విడిగా డ్రాప్‌డౌన్ పెట్టాక విశ్లేషణ రోజుల టెన్షన్ చాలావరకు తగ్గింది.

ఇక చేతులతో చేసే పని సంగతి. గ్లోవ్స్‌తో ట్యాబ్ ముట్టుకుని, తర్వాత అదే ట్యాబ్‌ని ఉత్త చేతులతో పట్టుకుంటే గ్లోవ్స్ వేసుకుని లాభం ఏమిటి? ట్యాబ్‌కి ప్లాస్టిక్ కవర్ వేసి, 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి, దాన్ని ల్యాబ్ దాటనివ్వకపోవడమే మేం పాటించే పద్ధతి. టైపింగ్ తగ్గించడానికి బార్‌కోడ్ స్కానర్ కొనండి, ఆ డబ్బు వృథా పోదు. ఒక్క విషయం ముందే చూసుకోండి. కంప్యూటర్ దృష్టిలో స్కానర్ కూడా కీబోర్డే. చాలా స్కానర్లు కోడ్ చదవగానే చివర్లో ఎంటర్ కొడతాయి. కొన్ని వెబ్ ఫారాలు ఆ దెబ్బకి సగం నిండకుండానే సబ్మిట్ అయిపోతాయి. స్కానర్ సెట్టింగ్‌లో ఎంటర్ బదులు ట్యాబ్ కీ పెడితే కర్సర్ చక్కగా తర్వాతి గడికి వెళ్తుంది. లేబుళ్లు కూడా ఆల్కహాల్‌కీ చలికీ తట్టుకునే రకం తీసుకోండి. మామూలు సిరా ఒక్క తుడుపుకే పోతుంది.

టైమ్ విషయంలో చాలామంది పొరబడతారు. ఫారం దానంతటదే వేసుకునే సమయం సబ్మిట్ చేసిన సమయం, రీడింగ్ తీసిన సమయం కాదు. రక్తం తీయడానికీ సెంట్రిఫ్యూజ్‌లో (గిర్రున తిప్పి రక్తకణాలని వేరుచేసే యంత్రంలో) పెట్టడానికీ మధ్య గడిచిన వ్యవధి ముఖ్యమైన పరీక్షల్లో ఈ తేడా ఫలితాన్నే మార్చేస్తుంది. అందుకని ఒక్కో దశకీ విడిగా సమయం గడి ఉండాలి, పక్కన 'ఇప్పుడు' అనే బటన్ ఉండాలి. రోజంతా చీటీల మీద రాసుకుని సాయంత్రం కూర్చుని ఎక్కించే అలవాటు ఉంటే అదీ లాగ్‌లో, అంటే ఎవరు ఎప్పుడు ఏం ఎక్కించారో, ఏం మార్చారో సాఫ్ట్‌వేర్ రాసుకునే చిట్టాలో కనబడిపోతుంది. పొద్దుటి నుంచీ జరిగిన పనులన్నీ ఒకదాని వెంట ఒకటి అదే వేళకి సేవ్ అయి ఉంటాయి.

ఈ లాగ్ కోసమే నేను గూగుల్ ఫామ్స్ నుంచి మారాను. చిన్న సర్వేకి, ఫ్రీజర్ ఉష్ణోగ్రత రోజూ నోట్ చేయడానికి గూగుల్ ఫామ్స్ ఇప్పటికీ బాగానే సరిపోతుంది. కానీ జవాబులు చేరే షీట్‌లో, ఎడిట్ అనుమతి ఉన్నవాళ్లెవరైనా గడిలో అంకె మార్చేయగలరు. వెర్షన్ హిస్టరీ ఉంటుంది గానీ ఎందుకు మార్చావని అది అడగదు. కాగితం మీద మనకి మంచి పద్ధతి ఉండేది: తప్పు అంకె చదవగలిగేలా ఒక్క గీత గీసి, పక్కన సరైనది రాసి, పొట్టి సంతకం, తేదీ వేయడం. అదే క్రమశిక్షణ డిజిటల్‌లోనూ ఉండాలి. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1997లో తెచ్చిన 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 నిబంధనలు ఎలక్ట్రానిక్ రికార్డుల్లో మార్పుల చరిత్రని అడిగేది ఇందుకే. మన పరిశోధన వాటి కిందకి రాకపోయినా ఈ అలవాటు వదులుకోకూడదు.

ఒకసారి పని మొదలయ్యాక డ్రాప్‌డౌన్‌లని కదిలించకండి. తెర మీద శాంపిల్ రకం 'ప్లాస్మా' అని కనబడినా లోపల నిల్వ ఉండేది 2 లాంటి కోడ్. మధ్యలో ఎవరైనా ఆ 2కి 'సీరం' అని పేరు మారిస్తే, పాత శాంపిళ్లన్నీ చడీచప్పుడు లేకుండా సీరం అయిపోతాయి. కొత్త ఆప్షన్‌కి కొత్త కోడ్ ఇవ్వాలి, పాతదాన్ని దాచాలే తప్ప తీసేయకూడదు.

అన్నీ ఫారంలోకే తోయాలన్న ఉత్సాహమూ మంచిది కాదు. 96 గుంటల ప్లేట్ రీడింగ్‌లు చేత్తో ఎక్కించడం తప్పులని పిలిచి పీట వేయడమే. ప్లేట్‌ని చదివే యంత్రం (రీడర్) ఇచ్చిన ఫైల్‌ని అలాగే జతచేసి, ఏ ప్లేట్, ఏ లాట్, ఎవరు చేశారు అన్నవి మాత్రం ఫారంలో నింపితే చాలు. ఇక అనుకోకుండా కంటబడేవి, ద్రావణం రంగు తేడాగా ఉండటం, కణాలు పెంచే ద్రవంలో (మీడియాలో) సన్నని తెట్టు కనబడటం, ఇలాంటి వాటికి ఏ గడీ ఉండదు. అందుకే ల్యాబ్ నోట్‌బుక్ మా దగ్గర ఇప్పటికీ ఉంది. అందులోని పేజీ నంబర్‌కి ఫారంలో ఒక గడి పెట్టాం.

ఏది ఎంచుకోవాలంటే, సంస్థలో సర్వర్ చూసుకునే మనిషి ఉంటే రెడ్‌క్యాప్ నా మొదటి ఎంపిక. 2004లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఈ సాఫ్ట్‌వేర్ లాభాపేక్ష లేని సంస్థలకి ఉచితం. కానీ ఒప్పందం సంస్థ పేరు మీద జరగాలి, మనంతట మనం దించుకుని వాడుకునేది కాదు. నెట్ అందని చోట శాంపిళ్లు సేకరించేవాళ్లకి ఆఫ్‌లైన్‌లో పనిచేసే ఓడీకే, కోబోటూల్‌బాక్స్ అనే ఫారం సాఫ్ట్‌వేర్లు మంచివి.

ఏది వాడినా, డౌన్‌లోడ్ చేసిన సీఎస్‌వీ (కామాలతో విడదీసిన డేటా) ఫైల్‌ని డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరవకండి. 00127 అనే శాంపిల్ నంబర్ 127 అయిపోతుంది. సెప్ట్2 లాంటి జన్యువుల పేర్లని ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తుండటంతో, చివరికి 2020లో జన్యువులకి పేర్లు పెట్టే కమిటీయే ఆ పేర్లు మార్చి మార్గదర్శకాలు ఇచ్చింది. డేటా ఇంపోర్ట్ ద్వారా తెరిచి, ఐడీ కాలమ్‌ని టెక్స్ట్‌గా ఎంచుకోండి. శాంపిల్ నంబర్లు అక్షరంతో మొదలయ్యేలా మొదటిరోజే నిర్ణయించుకుంటే ముందున్న సున్నాలు పోవు.