తిరుపతి దాకా సైకిళ్ల మీద: చందాలు, పలమనేరు లాడ్జీలు, మొగిలి ఘాటు

బెంగళూరు తెలుగువాళ్లకు తిరుపతి అంటే రాత్రి బస్సెక్కి పడుకుంటే తెల్లారకముందే దిగే ఊరు. అక్కడికి సైకిల్ తొక్కుకుంటూ వెళ్తాం, దాని పేరు మీద చందా ఇవ్వండి అంటే ముందు వచ్చే ప్రశ్న "మొక్కు ఏమైనా ఉందా?" అని. దాంతో ఇబ్బంది లేదు. అసలు ప్రశ్న మా మారతహళ్లి అపార్ట్‌మెంట్‌లో ఉండే రిటైర్డ్ బ్యాంకు మేనేజరు గారు అడిగారు. అందరం ఆయన్ని బాబాయ్ గారు అంటాం. "మీరందరూ లాడ్జీలకీ, బండికీ, తిండికీ పెట్టే డబ్బు నేరుగా ఆ పిల్లలకే ఇచ్చేస్తే పోయేదానికి, ఈ తొక్కుడెందుకు నాయనా?"

కాదనడానికి లేని మాట. సైకిల్ తొక్కితే ఎవరి కడుపూ నిండదు. తొక్కుతున్నామని తెలిసి పదిమంది జేబులో చెయ్యి పెడితేనే దానికి అర్థం. అందుకే రూట్ మ్యాప్ తెరవకముందే రెండు షరతులు పెట్టుకున్నాం. చందాలో నుంచి ఒక్క రూపాయి కూడా మా ఖర్చులకు వాడకూడదు, జెర్సీలకూ బ్యానర్లకూ కూడా. రెండోది, వచ్చిన చందా మా అందరి ఖర్చుకు కనీసం ఐదు రెట్లు లేకపోతే ప్రయాణం మానేసి, ఆ ఖర్చు డబ్బు కూడా కలిపి ఇచ్చేయాలి. తర్వాత ఏ లాడ్జి, ఏ బండి అన్న ప్రతి వాదనా ఈ రెండో షరతు దగ్గరే తేలింది.

డబ్బు ఎవరికివ్వాలన్నది మా గుంపులో పలమనేరు కుర్రాడి వల్ల తేలింది. వాళ్ల ఊరి వైపు ఉన్న హైస్కూలుకు ఆడపిల్లలు దూరం నుంచి నడిచి వస్తారని చెప్పాడు. సైకిల్ యాత్ర చేసి సైకిళ్లు కొనిస్తే ఫోటోకు కూడా బాగుంటుందని అందరం అనుకున్నాం. హెడ్మాస్టర్ గారికి ఫోన్ చేస్తే ఆయన నవ్వి, "సైకిళ్లు వద్దు సార్, ఆటో కావాల" అన్నారు. అక్కడంతా కౌండిన్య అభయారణ్యం అంచు. ఆంధ్రాలో ఏనుగులకు పేరుపడ్డ అభయారణ్యం అది. చీకటి పడ్డాక పొలాల మీదికి మందలు వస్తాయి. కర్ణాటక నుంచి 2025లో కుంకీలు, అంటే శిక్షణ పొందిన ఏనుగుల్ని తెప్పించి పలమనేరు దగ్గర ముసలిమడుగులో పెట్టింది కూడా ఆ అడవి మందల్ని తరమడానికే. పదో తరగతికి సాయంత్రం స్పెషల్ క్లాసులు పెడితే అడవి పక్క పల్లెల పిల్లలు ఉండలేకపోతున్నారు. ఆ దారిలో పిల్లను ఒంటరిగా సైకిల్ మీద పంపే తల్లి ఎవరూ లేరు. పరీక్షల దాకా, మళ్లీ వచ్చే విద్యా సంవత్సరమంతా ఆటో బాడుగ కడితే చాలన్నారు. ఫోటో అంత బాగా రాదు కానీ లెక్క సరిగ్గా ఉంది.

ఇక డబ్బు సేకరణ. చందా ఇచ్చేవాళ్లలో సగం మంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, కాబట్టి వెంటనే వచ్చే మాట "80జీ రసీదు ఇస్తారా?" 80జీ అనుమతి ఉన్న సంస్థకు ఇస్తేనే ఆ పన్ను మినహాయింపు. అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే, నగదుగా ₹2,000 దాటితే అదీ లేదు. చాలామంది కొత్త విధానానికి మారిపోయారు కాబట్టి ఈ గొడవ అనుకున్నంత పెద్దది కాలేదు. కంపెనీలు ఉద్యోగి ఇచ్చినంత తామూ కలిపి ఇచ్చే పద్ధతి ఉంది, కానీ సాధారణంగా వాళ్ల జాబితాలో ఉన్న సంస్థలకే. మా డబ్బు నేరుగా స్కూలు తల్లిదండ్రుల కమిటీ ఖాతాకు పోతుంది కాబట్టి రసీదు తప్ప మినహాయింపు ఉండదని మొదటి మెసేజ్‌లోనే రాసేశాం. కొందరు తప్పుకున్నారు. పర్వాలేదు, తర్వాత మాట పడటం కన్నా అదే నయం.

అమెరికా స్నేహితుల విషయం మాత్రం అందరూ తెలుసుకోవాలి. అక్కడ ఉన్నా ఇండియా పాస్‌పోర్టే ఉన్నవాళ్లు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసేసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఇస్తే అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ లేని చోట తీసుకోకూడదు. మా క్లాస్‌మేట్ ఒకడు పెద్ద మొత్తం పంపుతానన్నాడు. "ఒరేయ్, నీ పాస్‌పోర్ట్ రంగు ఏంటో ముందు చెప్పు" అని అడగాల్సి వచ్చింది. వాడిది నీలం రంగే, కానీ అమెరికాది. వద్దన్నాం. వాడు అలిగాడు కూడా.

దారి ఎంచుకోవడంలో అంత వాదన జరగలేదు. చింతామణి, మదనపల్లె, పీలేరు మీదుగా వెళ్తే ఊళ్లు అందంగా ఉంటాయి గానీ, చివర్లో భాకరాపేట ఘాటు, మలుపులూ బస్సులూ. హోస్కోటె దగ్గర మొదలై శ్రీపెరుంబుదూరు వైపు వెళ్లే కొత్త ఎక్స్‌ప్రెస్‌వే చూడటానికి నోరూరిస్తుంది కానీ సైకిళ్లకూ బైకులకూ ప్రవేశం లేదు. మిగిలింది పాత మద్రాసు రోడ్డు: హోస్కోటె, కోలార్, ముళబాగిలు, పలమనేరు, చిత్తూరు, అక్కణ్ణుంచి తిరుపతి. కేఆర్ పురం నుంచి దాదాపు 240 కిలోమీటర్లు. వెడల్పు రోడ్డు, పక్కన సైకిల్‌కు చాలినంత జాగా, ప్రతి పది పదిహేను కిలోమీటర్లకు టీ.

కొలతల ప్రకారం బెంగళూరు 900 మీటర్ల ఎత్తు, తిరుపతి 160 దగ్గర. అంతా దిగుడేగా అని కొత్తవాళ్లు సంబరపడతారు. కోలార్ దాటాక ఎత్తుపల్లాలు వదలవు, పైగా చలికాలంలో గాలి ఈశాన్యం నుంచి ఎదురు కొడుతుంది. నంది కొండ ఎక్కి ప్రాక్టీసు చేశాం అన్న ధీమా ఆ గాలి ముందు పనికిరాలేదు. నంది కొండ ఓ గంటలో అయిపోతుంది, ఎదురుగాలి మధ్యాహ్నం దాకా ఉంటుంది. ప్రాక్టీసు చేసేవాళ్లు ఆదివారం ఒకసారి కొండెక్కే బదులు శని, ఆది వరుసగా 80 కిలోమీటర్ల చొప్పున తొక్కడం మేలు. రెండో రోజు సీటు మీద కూర్చోవడం అలవాటవ్వాలి.

తేదీ విషయంలో పంచాంగం చూడక తప్పదు. సంక్రాంతికి ముందు ఆ రోడ్డు మొత్తం ఊళ్లకు పోయే మనవాళ్లతోనే నిండిపోతుంది. వైకుంఠ ఏకాదశి, రథసప్తమి దగ్గర్లో తిరుపతిలో గది దొరకదు. నవంబర్ అంటే చిత్తూరు వైపు వానలు, ఏప్రిల్ అంటే ఎండ. అలా అన్నీ కొట్టేస్తే ఫిబ్రవరి మిగిలింది. శుక్రవారం బయల్దేరితే శనివారం స్కూలు ఉంటుంది, అదొక సౌకర్యం. ఫిబ్రవరికి ఇబ్బంది మాఘమాసం ముహూర్తాలు. దాని సంగతి లాడ్జి దగ్గర చెప్తాను.

తెల్లవారుజామున నాలుగున్నరకు కేఆర్ పురం తీగల వంతెన దాటాం. అంతకన్నా ఆలస్యమైతే బూదిగెరె క్రాస్ దగ్గర లారీల మధ్య ఇరుక్కుంటారు. హోస్కోటెలో ఆ చీకట్లోనే దమ్ బిరియానీ కోసం బారులు తీరి ఉంటారు జనం. వాసనకు ఇద్దరు బ్రేకులు వేశారు. లాక్కుపోయాం. నర్సాపుర దగ్గర షిఫ్టు బస్సులు ఎక్కువ, అక్కడ వెనక లైట్లు వెలుగుతున్నాయో లేదో చూసుకోవాలి. పొగమంచు కోలార్ దాకా వదల్లేదు.

ముళబాగిలులో టిఫిన్. అక్కడి దోసె చిన్నదే, మందంగా ఉంటుంది, పైన కరకర, లోపల మెత్తన, నెయ్యి ధారాళం. బెంగళూరులో ఆ పేరుతో అమ్మేవి చాలా తిన్నాను, ఇక్కడి దానికి సాటిరావు. నెయ్యి వల్ల తర్వాతి గంట కాస్త భారంగా నడిచింది, అయినా మానను. ఈ జిల్లాలో హోటల్లో ఏ భాషలో అడిగినా తెలుగులో జవాబు వస్తుంది. నంగిలి దగ్గర రాష్ట్రం మారినా మాట మారదు.

సర్వీసుల సంగతి. టైరు షాపులకు కొదవ లేదు. కానీ ఖరీదైన సైకిళ్లకు ఉండే సన్న ప్రెస్టా వాల్వుకు వాళ్ల గాలి పైపు పట్టదు. చిటికెన వేలి గోరంత ఇత్తడి అడాప్టర్ బెంగళూరులోనే కొని జేబులో వేసుకోవాలి. ఇక్కడ పంచర్లకు కారణం మేకులు కాదు, పేలిన లారీ టైర్ల నుంచి రాలే సన్నటి ఇనుప తీగలు. రోడ్డు అంచునంతా అవే. ట్యూబు మార్చేటప్పుడు టైరు లోపల వేలితో తడిమి తీగ తీయకపోతే కొత్త ట్యూబూ పోతుంది. మాలో ఒకరు బెంగళూరులో ఒక షాపులో అద్దెకు తీసుకున్న సైకిల్‌కు బ్రేక్ రబ్బర్లు పూర్తిగా అరిగిపోయి ఉన్నాయి, సర్వీస్ చేసి ఇచ్చామనే చెప్పారు. ఘాటు ఉన్న దారికి అద్దె సైకిల్ తీసుకుంటే రబ్బర్లు కొత్తవి వేయించి, పాతవి వాళ్ల చేతిలో పెట్టి బయల్దేరండి.

ఓఆర్ఎస్ కొనేటప్పుడు లీటరు నీళ్లలో కలిపే 20.5 గ్రాముల పొట్లమే అడగండి. ఆ పేరుతో అమ్మిన తియ్యటి జ్యూసుల మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు ఒకరు ఏళ్ల తరబడి పోరాడితే 2025లో గానీ ఆ పేరు వాడకం మీద నిషేధం రాలేదు.

వెనక వచ్చే బండి కోసం టెంపో ట్రావెలర్ అడిగితే అద్దె, డ్రైవర్ బత్తా, ఆంధ్రా పర్మిట్ అన్నీ కలిపి మా ఖర్చు రెట్టింపయ్యేది. ఐదు రెట్ల షరతు గుర్తొచ్చింది. ఒకరి బావగారి సొంత బొలేరో తెచ్చుకున్నాం, డీజిల్ పంచుకున్నాం. అది వెంట అంటుకుని రాకుండా ఇరవై కిలోమీటర్లు ముందు వెళ్లి ఆగేది. హైవే మీద నెమ్మదిగా వచ్చే కారు వెనకవాళ్లకు ప్రమాదం. హైవే సాయానికి 1033, ఆంబులెన్సుకు 108, ఈ రెండూ అందరి ఫోన్లలో వేయించాం.

రాత్రి బస పలమనేరా, చిత్తూరా అన్నది ఒక్కటే నిజమైన గొడవ. చిత్తూరులో హోటళ్లు మెరుగు, పైగా నలభై కిలోమీటర్లు ముందుకెళ్తాం. కానీ మధ్యలో మొగిలి ఘాటు ఉంది. రోజంతా తొక్కి, వేళ్లు తిమ్మిరెక్కి, చీకటి పడుతుండగా లారీల పక్కన ఘాటు దిగడం నాకు ఇష్టం లేదు. పలమనేరులోనే ఆగాం.

అక్కడ మూడు చోట్లు చూశాం. బస్టాండు దగ్గరి లాడ్జి చవక, కానీ ఇరుకు మెట్లు, సైకిళ్లు వీధిలో పెట్టాలి. కల్యాణ మండపం హాలు ఇంకా చవక, సైకిళ్లు లోపలే, అయితే అందరికీ రెండే బాత్రూములు. హైవే మీది లాడ్జిలో కింది అంతస్తు గదులు, వేడినీళ్లు, సైకిల్ మంచం పక్కనే. అదే తీసుకున్నాం. మాఘమాసంలో ఇలాంటి చోట ముందు అడగాల్సింది రేటు కాదు, ఆ రోజు పెళ్లి ఉందా అని. పెళ్లివారు వస్తే లాడ్జి మొత్తం వాళ్లదే, లేకపోతే రాత్రంతా బ్యాండు మనది. అడ్వాన్సు కట్టి రసీదు తీసుకోండి. రాత్రికి సంగటి, నాటుకోడి పులుసు తిన్నాం. మెస్ పెద్దాయన సైకిళ్లకేసి చూసి, "యాడ్నుంచి సామీ? బెంగళూరా? బస్సులు నిలిపేసినారా ఏమి?" అన్నాడు. సంగతి చెప్తే ఆటో కోసమని ఐదొందలు ఇచ్చాడు. ఆయన పేరూ లెక్కలో రాసుకున్నాం.

పొద్దున స్కూల్లో అరగంట. పెద్ద అట్టముక్క చెక్కు, పూలదండలు వద్దని ముందే చెప్పాం. హెడ్మాస్టర్ గారు ఆడపిల్లల ఫోటోలు వద్దన్నారు. కమిటీ వాళ్లు, ఆటో ఆయన, మేము కూర్చుని ఏ నెలకెంత, సెలవుల్లో ఎంత, ఆటో చెడిపోతే ఎవరు అన్నది కాగితం మీద రాసుకున్నాం. పిల్లలు మా గేర్లు లెక్కపెట్టారు.

మొగిలి ఘాటు పొద్దున వెలుగులో హాయిగా దిగింది. బంగారుపాళ్యం వైపు మామిడి తోటలు, అప్పటికి పూత. చిత్తూరు దాటాక కాణిపాకం. రోజంతా అక్కడే ఉండాలనుకునేవాళ్లకు దేవస్థానం గదులు చవక, సంకటహర చవితి రోజు మాత్రం ఆశ పెట్టుకోకండి. అక్కణ్ణుంచి తిరుపతి దాకా రోడ్డు వెడల్పు, నీడ తక్కువ, ఎండ ఎక్కువ. ఈ ముక్కలో చూడటానికి ఏమీ లేదు, తలొంచుకుని తొక్కడమే.

తిరుపతిలో బస్టాండు ఎదురుగా శ్రీనివాసం, రైల్వే స్టేషన్ ఎదురుగా విష్ణు నివాసం, రెండూ టీటీడీ వసతి గృహాలే, చవకా శుభ్రమూ. అయితే అంత రద్దీలో సైకిళ్లు ఎక్కడ పెడతారు? మనలాంటివాళ్లకు ఊళ్లోకి రాకముందే చంద్రగిరి, శ్రీనివాసమంగాపురం వైపు ఉండటం మేలు. సందడి తక్కువ, శ్రీవారి మెట్టు దగ్గర. 2,388 మెట్లు, అలిపిరి దారికన్నా చాలా పొట్టి. కానీ తొక్కిన కాళ్లతో నిటారు మెట్లు ఎక్కడం వేరే శిక్ష, ఒక రాత్రి నిద్రపోయి ఎక్కండి. దర్శనం టోకెన్లు ఎక్కడిస్తారన్నది తరచూ మారుతుంది, టీటీడీ సైటులో ఆ వారమే చూసుకోవాలి.

తిరుగు ప్రయాణానికి రైలు పార్సిల్ విచారించాం. చవకే, కానీ మనం వెళ్లే రైల్లోనే సైకిల్ వస్తుందన్న హామీ లేదు. బస్సు డిక్కీ అయితే కండక్టర్ దయ. టమాటా దింపేసి ఖాళీగా కోలార్ వైపు తిరిగిపోయే మినీ ట్రక్కు ఒకటి దొరికింది. పాత దుప్పట్లు అడ్డం పెట్టి సైకిళ్లన్నీ ఎక్కించాం, అదనంగా కొంత ఇస్తే హోస్కోటె దాకా వచ్చాడు. మేము బొలేరోలో సగం మంది, బస్సులో సగం మంది. మొత్తం లెక్క వేస్తే చందా మా ఖర్చుకు ఆరు రెట్లకు కొంచెం పైన తేలింది. కాగితం బాబాయ్ గారికి ఇస్తే కళ్లద్దాలు పెట్టుకుని కూడికలు సరిచూసి, "దోసెల ఖర్చు ఎక్కువైనట్టుందే" అన్నారు.