తంజావూరు వెళ్తే తిరువయ్యారుకి ఒక పూట అట్టేపెట్టుకోండి

మద్రాసు ఎగ్మూరులో రాత్రి బండెక్కి, తెల్లారేసరికి తంజావూరులో దిగాం. అమ్మ, నేను, మా ఆవిడ. మొదటి పొరపాటు అక్కడే. బస్టాండు పక్కన ఫోటోల్లో తళతళలాడుతున్న గది బుక్ చేశాను. తీరా వెళ్తే మధ్యాహ్నం పన్నెండు దాకా గది ఇవ్వరట. డెబ్బై రెండేళ్ల మనిషిని రిసెప్షన్‌లో ప్లాస్టిక్ కుర్చీలో ఆరు గంటలు కూర్చోబెట్టాల్సి వచ్చింది. రాత్రికి గది దొరికింది గానీ నిద్ర దొరకలేదు, బస్సుల హారన్లు. పొద్దున్నే దిగేవాళ్లు ఇరవై నాలుగు గంటల చెకౌట్ ఉన్న లాడ్జి ఏదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

పెద్దగుడికి, అంటే బృహదీశ్వరాలయానికి, అందరూ పొద్దున్నే వెళ్లమంటారు. నా మాట వింటే సాయంత్రం వెళ్లండి. మధ్యాహ్నం గర్భగుడి మూసేస్తారు, పైగా ఆ రాతి ప్రాంగణంలో చెప్పుల్లేకుండా అడుగు వెయ్యలేం. అమ్మకి సాక్సులు తొడిగించాం, అదొక్కటే మేం చేసిన తెలివైన పని. 1010లో రాజరాజ చోళుడు పూర్తి చేయించిన గుడి, గర్భగుడి మీద 216 అడుగుల విమానం (శిఖరం), అంతా గ్రానైటే. విమానం నీడ నేల మీద పడదని ఒక గైడు ఘంటాపథంగా చెప్తున్నాడు. ఆయన వెనకాలే ఆ నీడలో పిల్లలు దొంగా పోలీసు ఆడుకుంటున్నారు.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది విమానం కాదు, దాని అడుగున చెక్కిన శాసనాలు. గుడికి తెచ్చిన నాలుగు వందల మంది నర్తకీమణుల పేర్లు, ఎవరు ఏ వీధిలో ఏ వరసలో ఉండేవారు, ఏడాదికి తలా నూరు కలాల (అప్పటి కొలత) ధాన్యం, అన్నీ రాతిలో ఉన్నాయి. మన ఊళ్లో రేషను కార్డుల జాబితా ఇంత శుభ్రంగా ఉండదు. నంది మాత్రం చోళులది కాదు, తర్వాత వచ్చిన నాయకరాజుల కాలానిది. అంటే మనవాళ్లదే అనుకోవచ్చు. తంజావూరు నాయకులు తెలుగువాళ్లు.

ఈ సంగతి కోటలో ఇంకా బాగా తెలుస్తుంది. అక్కడ ఒక్కో విభాగానికి ఒక్కో టికెట్టు. టైము తక్కువుంటే దర్బారు హాలు పైపైన చూసి, కంచు విగ్రహాల గ్యాలరీలో గంట గడపండి. తిరువెంకాడు నుంచి తెచ్చిన వృషభవాహనుడి దగ్గర ఆగకుండా రావద్దు. వృషభం ఇప్పుడు లేదు. శివుడు మాత్రం దాని మీద చెయ్యి ఆనించినట్టే, ఏమీ లేనిచోట చెయ్యి ఆనించి తాపీగా నిలబడి ఉంటాడు. మా ఆవిడ ఆ చెయ్యి కింద ఖాళీనే చూస్తూ ఉండిపోయింది.

పక్కనే సరస్వతీ మహల్ గ్రంథాలయం. లోపలి తాళపత్రాలు పరిశోధకులకే, మనకి చిన్న ప్రదర్శనశాల ఒక్కటే. చాలామంది పది నిమిషాల్లో బయటికొచ్చి "ఏముంది" అంటారు. చెప్పేవాళ్లు ఉంటే బోలెడుంది. తంజావూరు నాయకరాజు రఘునాథ నాయకుడు తనే కవి, చేమకూర వెంకటకవి ఆయన కొలువులో ఉండేవాడు. 1670లలో నాయకులు పోయి మరాఠాలు వచ్చారు. అయినా ఆ మరాఠా రాజు శాహజీ కూర్చుని తెలుగులో యక్షగానాలు రాశాడు. చుట్టూ తమిళం, ఇంట్లో మరాఠీ, కొలువులో తెలుగు!

రెండో రోజు మకాం కుంభకోణానికి మార్చాం. పాత అగ్రహారపు ఇంటిని అద్దె గదులుగా మార్చారు. వీధి అరుగు, లోపల మండువా, కొయ్య స్తంభాలు. అద్దె లాడ్జి కంటే కాస్త ఎక్కువే, వేడినీళ్లు బకెట్లో తెచ్చిపెట్టారు, ఏసీ శబ్దం చేసింది. అయినా హాయిగా పడుకున్నాం. ఇంకోసారి వెళ్తే మొత్తం మకాం అక్కడే పెడతాను, తంజావూరు నలభై కిలోమీటర్లే.

అక్కడ కారు మాట్లాడితే మొదట వినిపించే మాట "నవగ్రహం ప్యాకేజీ". మా డ్రైవరు తొమ్మిది గుళ్లూ ఒక్క రోజులో తిప్పుతానన్నాడు. వద్దంటే అమ్మ వైపు తిరిగి, "అమ్మా, మీరు చెప్పండమ్మా" అని మొదలెట్టాడు. అమ్మ మెత్తబడబోయింది. ఎలాగో దారాసురంలోని చోళుల గుడికి ఒప్పించాం. జనం లేరు, వేళ్లంత శిల్పాలు, ఒకే తలని ఇటు చూస్తే ఏనుగు, అటు చూస్తే ఎద్దు. పెద్దగుడి కంటే నాకు ఇదే నచ్చింది, కోప్పడకండి. ఊళ్లో రఘునాథ నాయకుడు కట్టించిన రామస్వామి గుడి స్తంభాలు చూసి, ఇత్తడి గ్లాసులో డిగ్రీ కాఫీ తాగాం. కాఫీ మాత్రం ఎంత చెప్తారో అంత ఉంది.

మూడో రోజు కల్లణై. కరికాల చోళుడు కట్టించాడని చెప్పే ఆనకట్ట. దాని కట్టుబడిని పరిశీలించి, కావేరి పాయ అయిన కొల్లడం నది మీద ఆనకట్టలు కట్టించాకే కాటన్ ధవళేశ్వరం వచ్చాడని చెప్తే, కోనసీమలో పుట్టిన మా అమ్మ "మన కాటన్ దొరేనా?" అని రెయిలింగు పట్టుకుని నీళ్లకి దణ్ణం పెట్టింది.

అక్కణ్నుంచి తిరువయ్యారు. తంజావూరు నుంచైతే పదమూడు కిలోమీటర్లు, టౌను బస్సులు బాగానే ఉన్నాయి. పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధన, అప్పుడు ఇసకేస్తే రాలనంత జనం. మేం వెళ్లింది మామూలు రోజు, కావేరి ఒడ్డున త్యాగరాజస్వామి సమాధి దగ్గర ఆరేడుగురు ఉన్నారు. పాడుబడిన ఈ చోట గుడి కట్టించింది గాయని బెంగళూరు నాగరత్నమ్మ, తన సొంత సంపాదనతో. ఆరాధనలో ఆడవాళ్లని పాడనివ్వకపోతే పోరాడిందీ ఆవిడే. తంజావూరు మరాఠాల కొలువులోని కవయిత్రి ముద్దుపళని రాసిన శృంగార కావ్యాన్ని 1910లో అచ్చు వేయించి ప్రభుత్వ నిషేధం దాకా వెళ్లిందీ ఆవిడే. ఆవిడ సమాధి అక్కడే, స్వామికి ఎదురుగా ఉంది. చాలామంది దాన్ని చూడకుండానే వెళ్లిపోతున్నారు.

అరుగు మీద తొమ్మిదో పదో చదివే పిల్ల జిరాక్సు కాగితాలు పెట్టుకుని కూనిరాగం తీస్తోంది. మేం తెలుగు మాట్లాడుకోవడం విని దగ్గరికొచ్చింది. తమిళంలో ప, ఫ, బ, భలకి ఒకటే అక్షరం. అందుకని కీర్తనల పుస్తకాల్లో అక్షరం పక్కన చిన్న అంకెలు వేస్తారు. జిరాక్సులో ఒక అంకె చెరిగిపోయింది. "అంకుల్, ఇది మూడా, నాలుగా?"

నేను చూసి, నాలుగు, భ అన్నాను. పలకమంది. పలికాను. అమ్మకి నచ్చలేదు, "పొట్టలోంచి రావాలి" అని తనే పలికి చూపించింది. ఆ పిల్ల మూడుసార్లు అని చూసుకుని, పెన్సిల్‌తో 4 వేసుకుంది. తర్వాత చరణం మొదట్నుంచీ పాడింది, అమ్మ తొడ మీద తాళం వేసింది. డ్రైవరు ఆలస్యమవుతోందని రెండుసార్లు హారన్ కొట్టాడు. మేం లేవలేదు.