‘ఒరిజినల్ సీల్’ అని అమ్మే డాగెరోటైప్‌లు: కొనేముందు ఇవి చూడండి

‘1840ల డాగెరోటైప్, సిక్స్త్ ప్లేట్, గట్టాపెర్చా కేస్, ఒరిజినల్ సీల్’. అమెరికాలోని ఒక ఆన్‌లైన్ అమ్మకందారు ఈ మాటలతో అమ్మిన పీస్ ఇది. డాగెరోటైప్ అంటే వెండి పూత ఉన్న రాగి రేకు (ప్లేట్) మీద తీసిన తొలినాటి ఫొటో; దాన్ని అద్దంతో కలిపి సీల్ చేసి, మూత ఉన్న చిన్న కేస్‌లో అమర్చేవారు. సిక్స్త్ ప్లేట్ అన్నది ప్లేట్ సైజు పేరు. ప్లేట్ నకిలీ కాదు, కేస్ కూడా నిజంగా పాతదే. కాకపోతే ఒకదానికొకటి పుట్టుకతో సంబంధం లేదు. దానికి తోడు ప్లేట్‌ని మందు పెట్టి కడిగేశారు. ఈ రెండింటిలో ఒక్కటీ లిస్టింగ్‌లో లేదు.

అనుమానం లిస్టింగ్ చదివినప్పుడే రావాలి. గట్టాపెర్చా అని అందరూ పిలిచే ఆ నల్లటి, గోధుమరంగు అచ్చు కేసులు నిజానికి లక్క, రంపపు పొట్టు కలిపి వేడి అచ్చులో నొక్కినవి. అసలు పేరు యూనియన్ కేస్. శామ్యూల్ పెక్ పేటెంట్ 1854ది. 1840లలో మామూలుగా దొరికేది చెక్క మీద తోలు గానీ కాగితం గానీ అతికించిన కేస్. కాబట్టి ‘1840ల ఫొటో, యూనియన్ కేస్’ అన్నారంటే, తేదీ అయినా తప్పు, జత అయినా తప్పు.

ఇక్కడ జతే తప్పు. మ్యాట్ అంటే అద్దం కింద ఉండే ఇత్తడి రేకు చట్రం. ఏళ్ల తరబడి దాని అంచు వెంబడే వెండి నలుపెక్కి, నీలం, నారింజ రంగుల చారగా కనిపిస్తుంది. ఈ పీస్‌లో మ్యాట్ కోడిగుడ్డు ఆకారంలో ఉంటే, ప్లేట్ మీద మిగిలిన చార ఎనిమిది పలకలది. అంటే మ్యాట్ మార్చారు. కేస్ మూత లోపలి ముఖమల్ దిండూ ఇదే సాక్ష్యం చెప్పింది: పాత చట్రం ఒత్తిన గుర్తులు ఒక కొలతవి, ఇప్పుడున్న చట్రం ఇంకో కొలతది.

‘ఒరిజినల్ సీల్’ అన్నది మాత్రం మొహమాటం లేని అబద్ధం. అద్దం, మ్యాట్, ప్లేట్ మూడింటినీ కలిపి అంచుల చుట్టూ అంటించే పాత పట్టీ పలచటి కాగితానిది, ముదిరి పెళుసుగా ఉంటుంది. ఇక్కడ ఉన్నది ప్లాస్టిక్ టేప్. మసకబారిన పాత అద్దం తీసి కొత్తది వేయడం, సరైన కాగితపు టేప్‌తో మళ్లీ సీల్ చేయడం తప్పు కాదు, పాత ఫొటోల సంరక్షణ నిపుణులూ చేస్తారు. చెప్పకుండా అమ్మడమే తప్పు.

అన్నిటికన్నా పెద్ద నష్టం కడగడం. డాగెరోటైప్ బొమ్మ అంటే వెండి పూత పూసిన రాగి రేకు మీద నిలబడిన అతి సన్నని వెండి-పాదరసం రేణువులు. ఇంట్లో వెండి కుంకుమభరిణె తోమినట్టు తోమితే నలుపుతోపాటు ముఖమూ పోతుంది. తుడవకుండా థయోయూరియా ద్రావణంలో ముంచినా (వెండి మెరిపించే చాలా మందుల్లో ఉండేది ఇదే) పైపొర కరుగుతుంది. అవశేషం మిగిలితే ఏళ్ల తర్వాత గోధుమరంగు చుక్కలు లేస్తాయి. కడిగిన వెంటనే ధగధగలాడుతుంది గనుక లిస్టింగ్‌లోని మామూలు ఫొటోలో ఈ మోసం దొరకదు.

అందుకే డబ్బు కట్టేముందు అడగాల్సిన ఫొటోలు: నల్ల గుడ్డ ప్రతిబింబం పడేలా ఒకటి, తెల్ల కాగితం ప్రతిబింబం పడేలా ఒకటి. మొదటిదానిలో బొమ్మ మామూలుగా, రెండోదానిలో నెగెటివ్‌లా తిరగబడి కనిపించాలి. అలా తిరగకపోతే అది గాజు మీది ఆంబ్రోటైప్ గానీ ఇనుప రేకు మీది టిన్‌టైప్ గానీ అయ్యుంటుంది. టిన్‌టైప్‌కి అయస్కాంతం అంటుకుంటుంది. మూడోది, పక్క నుంచి ఏటవాలు వెలుతురు వేసి తీసినది. ప్లేట్ తయారీలో సానపట్టిన గీతలు సాధారణంగా అడ్డంగా, ఒకే తీరుగా ఉంటాయి. ముఖం మీదుగా వంకరగా పోయే గీతలు తుడిచిన గుర్తులు. నాలుగోది కేస్ నుంచి బయటికి తీసిన కట్ట (అద్దం, మ్యాట్, ప్లేట్ కలిపి అంటించినది) వెనకవైపు, టేప్ కనిపించేలా. ఇదొక్కటీ ఇవ్వనన్నవారి దగ్గర కొనకండి. తీయడం తెలియదంటే అది వేరే సంగతి, కానీ అలాంటప్పుడు ‘ఒరిజినల్ సీల్’ అని ఎలా రాశారు?

సిక్స్త్ ప్లేట్ కొలత 2.75 × 3.25 అంగుళాలు. స్కేలు పక్కన పెట్టి తీయమనండి, కేస్ బయటి కొలత చెప్పి మురిపించేవాళ్లున్నారు.

పార్శిల్ వచ్చాక టేప్ మాత్రం విప్పకండి. విప్పితే పాడుచేసింది మీరేనంటారు, వాపసు దారి మూసుకుపోతుంది. ముందు దిండు, మ్యాట్ అంచు, ప్లేట్ మీది చార ఏటవాలు వెలుతురులో ఫొటోలు తీసి, లిస్టింగ్ స్క్రీన్‌షాట్‌తో కలిపి వాపసు అడగండి. తిరిగి పంపేటప్పుడు కేస్‌ని మూసి, మెత్తటి కాగితంలో చుట్టి, రెండు గట్టి అట్టల మధ్య పెట్టి, పెట్టెలో కదలకుండా ప్యాక్ చేయండి. యూనియన్ కేస్ మూలలు చిన్న దెబ్బకే పెచ్చులూడతాయి.