పెద్ద కీచురాళ్లు కొనకండి, అరసైజువి అడగండి

మావాడు చదువుకని బెంగళూరు వెళ్తూ తన బియర్డెడ్ డ్రాగన్‌ను నా నెత్తిన పెట్టి పోయాడు. ఆస్ట్రేలియా తొండ, పేరు గుండు. ఆకులు పెడితే తింటుంది గానీ పురుగు మాత్రం కదిలితేనే దాని కంటికి ఆనుతుంది. అందుకని మూడు నెలలుగా తిరుపతి బైరాగిపట్టెడలో ఒక పెట్ షాపుకి వారం వారం తిరుగుతున్నా. షాపు పేరు రాయను. నాలుగు మాటలు గట్టిగా అనబోతున్నా, రేపు మళ్లీ అక్కడికే పోవాలి.

సరుకు శుక్రవారం పొద్దున చెన్నై బస్సులో దిగుతుంది. డబ్బాకి యాభై కీచురాళ్లు, 150 రూపాయలు. మొదటిసారి "పెద్దవి తీసుకో మా, రేటు ఒకటే" అన్నాడు షాపతను. రేటు ఒకటే అంటే చిన్నవి ఎవరు కొంటారు? ఇంటికొచ్చి గిన్నెలో నీళ్లు పెట్టి, ఎండాకాలం కదా పాపం అని తడిగుడ్డ పరిచి మూత బిగించా. తెల్లారి తీస్తే ముక్కులు పగిలే కంపు. కొన్ని గిన్నెలో మునిగి చచ్చాయి, కొన్ని గుడ్డ కింద. లెక్కపెడితే ఇరవై ఆరు. "చచ్చినవాటికి పూచీ లేదు మా." నీళ్లు పెట్టమన్నది నువ్వే కదయ్యా అంటే నవ్వి ఊరుకున్నాడు.

మా పక్కింటమ్మాయి ఇక్కడే వెటర్నరీ కాలేజీలో చదువుతోంది. డబ్బా చూడగానే "ఆంటీ, ఇవి ముసలివి" అంది. ఒళ్లంతా కప్పేలా రెక్కలొచ్చాయంటే పెరగడం అయిపోయినట్టేనట, ఇక కొన్ని వారాల ఆయుష్షే. పైగా రాత్రంతా రెక్కలు రుద్దుకుంటూ కూసేది ఆ రెక్కలొచ్చిన మగవే. రెక్కలింకా రాని అరసైజువి కొంటే ఎక్కువ రోజులు బతుకుతాయి, నిద్రా దక్కుతుంది. గుండు రెండు కళ్ల మధ్య ఎడం కంటే పెద్ద పురుగు పెట్టొద్దని కూడా చెప్పింది. ఈ మాట అమ్మేవాడు చెప్పాలా, పక్కింటి పిల్ల చెప్పాలా?

ఇప్పుడు మూతకి జల్లెడ గుడ్డ అంటించిన ప్లాస్టిక్ తొట్టిలో పెడుతున్నా. కోడిగుడ్ల అట్టలు నిలువుగా నిలబెడితే పెంట కిందికి రాలిపోతుంది. నీళ్ల గిన్నె లేదు, క్యారెట్ ముక్కే వాటికి దాహం తీరుస్తుంది, రోజూ మారుస్తా. చచ్చినవి రోజూ ఏరేస్తా. బస్సులో ఎండి వచ్చిన పురుగును అలాగే పెడితే గుండుకి పొట్టు తిన్నట్టే. అందుకే ముందు ఒకటి రెండు రోజులు వాటికే బాగా మేపు. గోధుమ పొట్టు, పెరట్లో మునగాకు. బజారు కొత్తిమీర ఒకసారి కడక్కుండా వేసి ఏడింటిని పోగొట్టుకున్నా, మందు కొట్టిందేమో. పాలకూర మాత్రం వద్దంది ఆ పిల్ల, కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదట.

కీచురాళ్లలో భాస్వరమే ఎక్కువ, కాల్షియం బాగా తక్కువ. వట్టివే పెడుతూ పోతే తొండ ఎముకలు మెత్తబడి కాళ్లు వంకరపోతాయి. అందుకే చిన్న డబ్బాలో చిటికెడు కాల్షియం పొడి వేసి, పల్లీలకు ఉప్పూకారం పట్టించినట్టు ఒక్క కుదుపు. కపిలతీర్థం ముందు విభూతి పూసుకున్న సాముల్లా బయటికొస్తాయి. గుండు తినగా మిగిలినవి రాత్రికి గూట్లో వదలకండి, నిద్రపోయే తొండని అవే కొరుకుతాయి.

ఆ షాపు మీల్‌వార్మ్స్‌కి, అంటే గుండు తినే ఇంకో రకం పురుగులకి, మాత్రం వంక పెట్టను. శుభ్రమైన పొట్టులో వేసి ఇస్తాడు, ఫ్రిజ్ కింది అరలో నెల రోజులు మత్తుగా పడుంటాయి. మా ఆయన ఒకరోజు ఇడ్లీరవ్వ అనుకుని మూత తీశాడు. ఆ రోజు నుంచి ఫ్రిజ్ జోలికే రావడం లేదు. వాటికంటే లావుగా ఉండే సూపర్‌వార్మ్స్‌నీ ఫ్రిజ్‌లోనే పెట్టమన్నాడు షాపతను. అవి చలికి చస్తాయి. పక్కింటి పిల్ల అప్పుడు ఊళ్లో లేదు, 200 రూపాయలు నీళ్లపాలు.

మొత్తానికి అయిదుకి మూడు. సరుకుకి నాలుగివ్వొచ్చు, సలహాకి రెండు కూడా దండగ. శుక్రవారం పదకొండు లోపు వెళ్లండి. ఆదివారానికి మిగిలిన డబ్బాలు ఇస్తే వెలుతురులో పెట్టి కాళ్లు చూడండి. కుంటివి నాలుగైదు కనిపిస్తే వద్దనండి, ఆకలికి ఒకదాన్నొకటి పీక్కుతిన్న సరుకది.