పీఆర్ ఏజెన్సీనా, మన ఊరి విలేకరినా? రక్తదానం ప్రచారానికి ఏది మేలు?

"అన్నా, మేం కూడా హైదరాబాద్‌లో పీఆర్ వాళ్లను పెట్టుకుందామనుకుంటున్నం. మంచిదేనా?" మిర్యాలగూడ నుంచి, దేవరకొండ నుంచి, మొన్న వనపర్తి నుంచి కూడా ఇదే ఫోన్. అందరూ తలసేమియా (ఒంట్లో రక్తం సరిగా తయారుకాక, తరచూ రక్తం ఎక్కించాల్సిన జబ్బు) ఉన్న పిల్లల కోసం డోనర్లను కూడగడుతున్నవాళ్లే. నల్లగొండలో మేం కొన్నాళ్లు పీఆర్ ఏజెన్సీతో, అంటే ఫీజు తీసుకుని మన వార్త పేపర్లలో, టీవీలో వచ్చేలా చూసే సంస్థతో పనిచేశాం. తర్వాత మానేసి ప్రచారం సొంతంగా చేసుకుంటున్నాం. అందుకే రెండూ చూసినవాడిగా చెబుతున్నా.

ముందు ఏజెన్సీ దగ్గర నేర్చుకున్నది చెప్పాలి, అది చిన్న విషయం కాదు. పేపర్ వాళ్లతో పరిచయాలే వాళ్ల పెట్టుబడి అనుకునేవాణ్ణి. ఏజెన్సీలో మా పని చూసే అమ్మాయి మొదటిరోజే నా ప్రెస్ నోట్ ముందు పెట్టుకుంది. రెండు పేజీల నోట్ అది. మొదటి పేరా నిండా ముఖ్య అతిథుల పేర్లు, మా బృందం పుట్టుపూర్వోత్తరాలు. ఆ పేరా మొత్తం కొట్టేసి, ఎక్కడో రెండో పేజీ చివర్లో ఉన్న ఒక్క వాక్యం చుట్టూ పెన్నుతో గీత గీసింది: "కాలేజీలకు సెలవులిచ్చాక డోనర్లు దొరకడం లేదు." వార్త ఇదే సార్, దీంతో మొదలుపెట్టండి అంది. తర్వాత మూడు ప్రశ్నలడిగింది. ఇది రేపటి పేపర్లోనే ఎందుకు రావాలి? చదివిన మనిషి ఏం చెయ్యాలి? ఏ నంబరుకు ఫోన్ చెయ్యాలి? ఇప్పటికీ ఏది రాసినా ఆ మూడింటికీ జవాబు ఉందో లేదో చూసుకున్నాకే పంపుతాను.

వాళ్ల దెబ్బకు రాష్ట్ర పేజీలో వార్త వచ్చింది, టీవీలోనూ వచ్చింది. ఏప్రిల్ 20న పెట్టిన శిబిరానికి జనం పోటెత్తారు. బ్యాగులు సరిపోక కొందరిని వెనక్కి పంపాల్సి వచ్చింది. ఆ రాత్రి మా సంతోషం అంతా ఇంతా కాదు.

తర్వాత లెక్క వేసుకుంటే గుండె జారింది. ఎర్ర రక్తకణాలు ఫ్రిజ్‌లో ఎంత జాగ్రత్తగా పెట్టినా, బ్యాగును బట్టి 35 నుంచి 42 రోజులే నిల్వ ఉంటాయి. ప్లేట్‌లెట్లయితే 5 రోజులే. అంటే ఆరోజు తీసుకున్న రక్తం జూన్ 1 దాటితే పనికిరాదు. ఒకసారి ఇచ్చిన మగవాళ్లు 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు మళ్లీ ఇవ్వకూడదు. మాకు తెలిసిన డోనర్లందరినీ ఒకేరోజు వాడేసుకున్నాం కాబట్టి, జూన్ మొదలు జులై మూడో వారం దాకా పిలవడానికి మనిషి లేడు. తలసేమియా బిడ్డకేమో రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఎక్కించాల్సిందే. ఒక్కరోజు కుంభవృష్టికి కుంట అలుగు పోసి, నెల తిరక్కుండానే ఎండిపోయినట్టయింది.

నా దృష్టిలో తేల్చాల్సింది ఇదే. మీకు కావాల్సింది ఒక్కసారికా, వారం వారమా? ఒక పాపకు ఆపరేషన్ ఖర్చో, అంబులెన్సో అయితే పెద్ద వార్త ఒక్కటి చాలు, ఏజెన్సీ ఫీజుకు న్యాయం జరుగుతుంది. ప్రభుత్వాన్ని కదిలించాలన్నా అంతే. మన జిల్లాకు ఇది కొత్తేం కాదు. 1996లో ఫ్లోరైడ్ నీళ్ల గోడు దేశానికి వినిపించాలని నల్లగొండ లోక్‌సభ స్థానంలో ఏకంగా 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. జలసాధన సమితి వెనకుండి నడిపిన ఆ పనితో దేశం మొత్తం ఇటు చూసింది. అయితే ఆ పోరాటం అడిగింది ప్రభుత్వం నుంచి ఒక నిర్ణయం. మేం అడిగేది ప్రతి సోమవారం కొత్తగా నలుగురు మనుషులను.

అందుకే మా ఓటు మండల విలేకరికి. సోమవారం పొద్దున్నే బ్లడ్ బ్యాంకుకు ఫోన్ చేసి ఏ గ్రూపు తక్కువుందో అడుగుతాం. నాలుగు లైన్లు టైప్ చేసి, సాయంత్రం నాలుగు లోపే విలేకరుల వాట్సాప్‌కు పంపుతాం. ఆరు దాటితే జిల్లా పేజీలో చోటుండదు. "బి నెగెటివ్ రక్తం అత్యవసరం. 18 ఏళ్లు నిండి, 45 కిలోల పైన బరువుంటే ఇవ్వొచ్చు" అని రాసి, కింద మా నంబరు, అంతే. మండల విలేకరుల్లో చాలామందికి నెల జీతం ఉండదు. సొంత బండి మీద, సొంత పెట్రోలుతో తిరుగుతారు. రమ్మని ఇబ్బంది పెట్టకుండా, దిద్దే పని లేకుండా పంపితే సంతోషంగా వేస్తారు. పండుగలప్పుడు యాడ్ అడుగుతారన్నది నిజమే. మా దగ్గర డబ్బు లేదని ఉన్నమాట చెబుతాం. ఒకరిద్దరు ముఖం చాటేశారు, మిగతావాళ్లు వేస్తూనే ఉన్నారు.

ఇంకో సంగతి. ఏజెన్సీ పంపిన ఫోటోలో పదకొండేళ్ల పాప ముఖం స్పష్టంగా కనిపించింది. తప్పు మాదే, పంపే ముందు మేం చూడలేదు. మర్నాడు ఆ తల్లి పేపర్ మడిచి కొంగులో పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. "ఫోటో ఎందుకేసిండ్రు సారూ? రేపు నా బిడ్డకు పెండ్లి కావొద్దా?" నా దగ్గర జవాబు లేదు. ఆరోజు నుంచి రక్తమిచ్చే చెయ్యి ఫోటో తప్ప వేరేది పంపడం లేదు. మండల విలేకరి అయితే, మా ఊరి పాప కదా అని ముందే ఫోన్ చేసి అడిగేవాడని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఫ్లెక్సీలా? క్లాక్ టవర్ దగ్గర కట్టి చూశాం. దాన్ని చూసి వచ్చామన్నవాళ్లు లేరు. యూట్యూబ్ ఛానళ్లు కాలేజీ పిల్లలకు చేరతాయి కానీ వ్యూస్ ఎక్కువ, ఫోన్లు తక్కువ.

ఇదంతా విన్నాక కూడా ఏజెన్సీకే వెళ్తామంటే, ఒక్క నెలకే ఒప్పుకోండి. మూడు మాటలు కాగితం మీద రాయించుకోండి. మీరు చూడనిదే ఏ ఫోటో బయటికి పోకూడదు. వాళ్లు మాట్లాడిన విలేకరుల పేర్లు, నంబర్లు నెలాఖరుకు మీకివ్వాలి. వార్తలో వాళ్ల ఆఫీసు నంబరు కాదు, మీ నంబరే ఉండాలి. ఆ ఫోన్ ఎత్తడానికి పొద్దున్న ఆరు నుంచి ఒక మనిషిని కూర్చోబెట్టండి, పేపర్ చదివి కదిలినవాళ్లు ఎక్కువగా ఎనిమిదిలోపే చేస్తారు.