మోటార్ హోమ్ వెనక ట్రైలర్: ఎనిమిదేళ్లు లాగాక నా సమీక్ష

మా మోటార్ హోమ్ (పడకలు, వంటగది లోపలే ఉన్న ఇల్లులాంటి బండి) గరిష్ఠ బరువు 3,500 కిలోలు. దాని వెనక సొంత బ్రేకులున్న ఒంటి యాక్సిల్ (ఇరుసు) ట్రైలర్, నిండా సర్దితే 1,100 కిలోలు. ఎనిమిదేళ్లుగా ఈ రెండూ కలిసే తిరుగుతున్నాయి. ఇంజిన్ గురించి, పడకల గురించి, వంటగది గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, అన్నీ బాగున్నాయి. నన్ను ముప్పుతిప్పలు పెట్టింది బరువు. ఎంత ఉంది అన్నది కాదు, ఎక్కడ కూర్చుంది అన్నది.

మొదటి ఏడాదంతా కాగితం మీది లెక్కనే నమ్మాను. కంపెనీ రాసిన ఖాళీ బరువుకు మా సామాన్లు కూడితే 3,500 కంటే చాలా తక్కువే వచ్చింది. పక్కన చాచే పందిరి, రెండో బ్యాటరీ, సోలార్ ప్యానెల్ ఆ ఖాళీ బరువులో లేవన్న సంగతి తట్టనేలేదు. రెండో ఏడాది బండిని కాటా వేయించాం. ట్రైలర్ లేకుండా, మిగతాదంతా ప్రయాణానికి ఎలా బయల్దేరతామో అలాగే: డీజిల్ నింపి, 100 లీటర్ల నీళ్ల ట్యాంకు నింపి, అందరం లోపల కూర్చుని. మొత్తం 3,380 వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను. వెనక యాక్సిల్ ఒక్కదాన్నీ కాటా మీద పెట్టిస్తే 1,930. దాని పరిమితి 2,000. ట్రైలర్ ముక్కు హిచ్ మీద, అంటే బండి తోకకు ట్రైలర్ తగిలించే చోట, మోపే బరువు 80 కిలోలు. పోతే పది కిలోలు ఎక్కువవుతుంది, అంతే కదా అనుకున్నాను.

అంతే కాదు. హిచ్ వెనక చక్రాలకు సరిగ్గా పైన ఉండదు, మా బండికి 2 మీటర్లు వెనక ఉంది. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం 4 మీటర్లు. పలుగు ఒక కొన నొక్కితే రెండో కొన లేచినట్టు, తోక మీద 80 కిలోలు పడితే ముందు యాక్సిల్ మీద 40 కిలోలు తగ్గి, వెనక యాక్సిల్ మీద 120 పెరుగుతాయి. అంటే వెనక 2,050. మొత్తం మాత్రం 3,460, దర్జాగా పరిమితిలోపే! ట్రైలర్ తగిలించి మళ్లీ తూయిస్తే కాటా కూడా ఇంచుమించు అదే మాట చెప్పింది. మాది ముందు చక్రాలు లాగే బండి. తడి గడ్డి మీద అవి ఉన్నచోటే గిర్రున ఎందుకు తిరిగేవో అప్పుడు అర్థమైంది.

ఇక్కడ నేనో తెలివైన పని చేశాను. ముక్కు బరువు తగ్గిస్తే సరిపోతుంది కదా అని ట్రైలర్‌లోని బరువైన పెట్టెలన్నీ దాని తోక వైపు జరిపాను. ముక్కు మీద 20 కిలోలే మిగిలాయి. పల్లంలో 90 మీద పోతుండగా పెద్ద లారీ ఒకటి మమ్మల్ని దాటింది. ఆ గాలికి ట్రైలర్ ఊగడం మొదలుపెట్టింది, ఊగే కొద్దీ మా బండి తోకను అటూ ఇటూ ఈడ్చింది. బ్రేకు తొక్కలేదు, స్టీరింగ్‌తో సరిచేయబోలేదు, యాక్సిలరేటర్ వదిలేసి స్టీరింగ్ తిన్నగా పట్టుకున్నాను. వేగం తగ్గాక అదే కుదురుకుంది. అంతా కొన్ని సెకన్లే, టెన్షన్ మాత్రం సాయంత్రం దాకా పోలేదు.

యూరప్‌లో ట్రైలర్ బరువులో 5 నుంచి 7 శాతం ముక్కు మీద ఉండాలంటారు, అమెరికాలో 10 నుంచి 15 శాతం. మా 1,100 కిలోలకు 80 అంటే 7 శాతానికి కాస్త పైన. దాన్ని అలాగే ఉంచి, తగ్గించాల్సింది బండి వెనక డిక్కీలో అని ఆలస్యంగా తెలిసింది. పనిముట్లు, మడత కుర్చీలు, చిన్న జనరేటర్ కలిపి 60 కిలోలు తీసి ట్రైలర్‌లో దాని యాక్సిల్ పైన, అడుగున పెట్టి పట్టీలతో బిగించాను. డిక్కీ కూడా చక్రాల వెనకే కాబట్టి వెనక యాక్సిల్ మీద 60 కాదు, 80 కిలోల పైచిలుకు తగ్గింది.

కొన్నవాటిలో దండగ అనిపించింది వెనక వేయించిన ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగుల దగ్గర గాలి నింపిన సంచులు). కుంగిన తోక లేచింది, ఊగిసలాట తగ్గింది, చూడ్డానికి అంతా బాగైపోయినట్టే ఉంటుంది. అది వేయించినంత మాత్రాన యాక్సిల్ పరిమితి ఒక్క కిలో కూడా పెరగదు. చెడ్డ వస్తువని కాదు, కాటా కంటే ముందు దాన్ని కొనడం నా తప్పు. ముక్కు బరువు చూసే చిన్న గేజ్ మాత్రం ప్రతి ప్రయాణానికీ బయటికి తీస్తాను.

టైర్ ప్రెషర్ సెన్సర్లు ట్రైలర్‌కు కూడా పెట్టించుకోండి. ఇంత బరువైన బండి నడుపుతుంటే వెనక ట్రైలర్ టైరులో గాలి దిగిపోతున్నా సీట్లో తెలియదు. మాకు ఒకసారి అలారం మోగి ఆపి చూస్తే మేకు కనిపించింది. ఈ టైర్లు అరిగేలోపే ముసలివైపోతాయి కూడా. పక్కన ముద్రించిన నాలుగు అంకెల్లో 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని.

బ్రేక్‌అవే కేబుల్ గురించి ఒక్క మాట. హిచ్ ఊడితే ట్రైలర్ బ్రేకులు పట్టించేది అదే. ఊరికే హిచ్ మీది ఇనుప బంతి మెడకు చుట్టేసి వదిలేస్తే అదీ జారిపోవచ్చు, ఆ బంతిని మోసే టో బార్‌కు దానికోసం కొక్కెం ఉంటే అందులోనే తగిలించాలి. చక్రం మార్చాక 50 కిలోమీటర్లకు ఆగి నట్లు మళ్లీ బిగిస్తాను.

ఎనిమిదేళ్లయినా నాకు రానిది రివర్స్. ట్రైలర్ పొట్టిది కావడంతో చూస్తుండగానే బండి వైపు మడత పడిపోతుంది. వెనక కెమెరా హిచ్ తగిలించేటప్పుడు తప్ప ఎందుకూ పనికిరాదు, తగిలించాక అందులో ట్రైలర్ ముందు గోడే కనిపిస్తుంది. నేల చదునుగా ఉంటే విప్పేసి, ముందున్న చిన్న చక్రం మీద ఇద్దరం కలిసి తోసుకుంటున్నాం.