చైనీస్, ఇంగ్లిష్ కలిపి టైపు చేయడానికి ఏది మేలు: షిఫ్టా, విడి కీబోర్డా?

చైనీస్ టైపు చేయడం పెద్ద కష్టమేమీ కాదు. 1958లో చైనా ఆమోదించిన పిన్యిన్ పుణ్యమా అని, మాట పలికే తీరును ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే చాలు, కింద చైనీస్ అక్షరాలు వరుస కడతాయి, కావలసింది ఎంచుకోవడమే. చిక్కంతా రెండు భాషలకీ అవే మీటలు కావడంలో ఉంది. ఇప్పుడు ఏ భాషలో ఉన్నామో ప్రతిసారీ మనమే గుర్తుపెట్టుకోవాలి.

విండోస్‌లో ప్రధానంగా రెండు దార్లు. విండోస్‌తో వచ్చే చైనీస్ టైపింగ్ సాధనం మైక్రోసాఫ్ట్ పిన్యిన్ ఒక్కటే ఉంచుకుని, షిఫ్ట్ ఒకసారి నొక్కి వదిలి భాష మార్చడం ఒకటి. విండోస్ భాషా సెట్టింగుల్లో ఇంగ్లిష్ కీబోర్డును (ఇంకో యంత్రం కాదు, సెట్టింగే) విడిగా పెట్టుకుని, విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కి ఏకంగా కీబోర్డునే మార్చడం రెండోది.

చైనీస్ వాక్యం మధ్యలో ఒకటీ అరా ఇంగ్లిష్ మాటలు పడే రాతకి షిఫ్టే మేలు. ఇందులో నాకు సందేహమే లేదు. చెయ్యి కదలక్కర్లేదు, మీట చిటికెన వేలికి అందుతూనే ఉంటుంది. భాష మార్చడం మరిచి ఇంగ్లిష్ మాట కొట్టేసినా చెరపక్కర్లేదు. అక్షరాలు ఇంకా ఖాయం కాకముందే షిఫ్ట్ నొక్కితే మాట ఇంగ్లిష్‌లోనే పడి, భాష కూడా మారుతుంది. అదే ఎంటర్ నొక్కితే మాట పడుతుంది, మీరు మాత్రం చైనీస్‌లోనే ఉంటారు. ఒక్క మాట కోసమైతే నేను ఎంటర్‌తోనే కానిచ్చేస్తాను. ఈ అలవాటు పడ్డాక భాష మార్చే పనే సగం తగ్గింది.

షిఫ్ట్‌తో తంటా ఎక్కడంటే, పెద్ద అక్షరం కొడదామని నొక్కి, మనసు మార్చుకుని వదిలేసినా భాష మారిపోతుంది. టాస్క్‌బార్ మీద చిన్న పెట్టెను నిలువు గీత చీల్చినట్టుండే అక్షరం కనిపిస్తే చైనీస్‌లో ఉన్నట్టు. రాతలో మునిగినవాళ్లు ఆ మూలకి చూస్తారా?

కోడ్ రాసేవాళ్లకి ఇది నిజంగా ప్రమాదం. ఒకసారి నా ప్రోగ్రామ్ ఎంతకీ నడవలేదు. తప్పు చూపిస్తున్న వరసను పది సార్లు చదివాను, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివరికి చూస్తే సెమీకోలన్ పక్కన కాస్త ఎక్కువ ఖాళీ ఉంది. అది చైనీస్ సెమీకోలన్! చూపుకి దాదాపు ఒకటే, కంప్యూటర్‌కి మాత్రం పూర్తిగా వేరే అక్షరం. చైనీస్ ఫుల్‌స్టాప్ చిన్న సున్నాలా ఉంటుంది కాబట్టి వెంటనే దొరుకుతుంది, కామా, సెమీకోలన్ అలా దొరకవు. కంట్రోల్, చుక్క కలిపి నొక్కితే చైనీస్‌లో ఉంటూనే ఇంగ్లిష్ విరామ చిహ్నాలు వస్తాయి. కానీ అది గుర్తుపెట్టుకోవాల్సిన ఇంకో సంగతి.

అందుకే కోడ్ పనికి విడి ఇంగ్లిష్ కీబోర్డే నా ఓటు. అందులో ఉన్నంతసేపూ షిఫ్ట్ ఎన్నిసార్లు తగిలినా చైనీస్ కామా వచ్చే దారే లేదు. అయితే రెండు పద్ధతులూ కలపకండి. పిన్యిన్ లోపలి ఇంగ్లిష్ ఒకటి, విడి కీబోర్డు ఇంగ్లిష్ ఇంకొకటి అయ్యి, ఎందులో ఉన్నారో మీకే తెలియదు. విడి కీబోర్డు పెట్టుకుంటే పిన్యిన్ సెట్టింగుల్లోకి వెళ్లి షిఫ్ట్‌తో మారే వీలును తీసేయండి. దాని బదులు కంట్రోల్-స్పేస్ పెట్టుకోవచ్చు గానీ, చాలా కోడ్ ఎడిటర్లలో సూచనలు తెప్పించే మీటలు అవే.

మ్యాక్‌లో ఇంత ఆలోచన అక్కర్లేదు. క్యాప్స్ లాక్‌ని భాష మార్చడానికి పెట్టుకుంటే, ఒకసారి నొక్కితే భాష మారుతుంది, నొక్కి పట్టుకుంటే పెద్ద అక్షరాలు వస్తాయి. మరీ తేలిగ్గా తాకితే ఒక్కోసారి పట్టించుకోదు, అంతే.

విండోస్‌లో అధునాతన కీబోర్డు సెట్టింగుల్లో ఒక్కో అప్లికేషన్ కిటికీకి ఒక్కో ఇన్‌పుట్ పద్ధతి ఉంచే వీలుంది. నేను దాన్ని ఆన్ చేసుకున్నాను. ఎడిటర్ ఇంగ్లిష్‌లో, ఉత్తరాలు రాసే కిటికీ పిన్యిన్‌లో ఉంటాయి, వాటి మధ్య తిరుగుతున్నప్పుడు ఏ మీటా నొక్కను.